నలువది నిమిషముల దూరము

సింగపూరు నుండి కౌలాలంపూరు ఎంత దూరమని యడిగినచో భూగోళ శాస్త్రజ్ఞుడు తడుముకొనకుండ సమాధానము చెప్పగలడు. చాంగీ విమానాశ్రయము మొదలు కౌలాలంపూరు విమానాశ్రయము వరకు సూటిగా కొలిచిన సుమారు 297 కిలోమీటర్లు. మన పాత లెక్కలో 184 మైళ్లు. నగరమధ్యము నుండి నగరమధ్యమునకు కొలిచినచో 315 కిలోమీటర్లకు కొంచెము అటునిటు. ఎంతసేపటి ప్రయాణమని యడిగినచో విమానసంస్థవారి కాలపట్టికయు అంత నిస్సంశయముగనే పలుకును: ఒక గంట, లేదా గంటమీద పది పదునైదు నిమిషములు. ఈ రెండు సమాధానములలో ఏదియు అసత్యము కాదు. కాని వీనిని నమ్మి ఉదయము పది గంటలకు సింగపూరులో ఇల్లు వెడలినవాడు, పదకొండున్నరకు కౌలాలంపూరులో తన పని చక్కబెట్టుకొనవచ్చునని తలచెనేని, ఆ పని ఆనాటికి చెడినట్లే యని మేము నిస్సందేహముగ చెప్పగలము.

ఈ చిన్న లెక్కను పట్టుకొని మేము ఇంతగా విచారించుటకు కారణము కలదు. ఇది యేమూలనో పడియున్న త్రోవ కాదు. ప్రపంచమందలి విమానముల కాలపట్టికలను సేకరించు ఓ.ఏ.జి. సంస్థవారి లెక్క ప్రకారము, 2017 మార్చి మొదలు 2018 ఫిబ్రవరి వరకు గల పండ్రెండు మాసములలో ఈ రెండు నగరముల నడుమ 30,537 విమానములు నడచినవి. అనగా రోజునకు ఇంచుమించు 84. ఒక దేశము నుండి మరియొక దేశమునకు ఇన్ని విమానములు నడచిన మార్గము ఆ కాలమున భూమండలమున వేరొకటి లేదు. 2023లో సీట్ల లెక్కన చూచినను, సుమారు 49 లక్షల సీట్లతో, అంతర్జాతీయ మార్గములలో ఇదియే ప్రథమస్థానము నందుకొన్నది. మరుసటి యేడు హాంకాంగ్–తైపే మార్గము దీనిని దాటినది గాని, అందువలన ఈ త్రోవలోని రద్దీ తగ్గినదని కాదు. ఇంతమంది నిత్యము వచ్చుచు పోవుచున్న చోట, మనిషి యొక్కనికి వ్యర్థమగు గంటను లక్షలతో హెచ్చించి చూడుడు. ఆ గంటలలో ప్రకృతి పాలు ఎంత, ప్రభుత్వముల పాలు ఎంత యని తేల్చుటయే మా యుద్దేశము.

ముందుగా ప్రకృతి పాలు చూతము. నేటి జెట్టు విమానము పైకెక్కి నిలదొక్కుకొన్న పిమ్మట గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగముతో పోగలదు. ఆ వేగము మొదటి నుండి కడవరకు ఉన్నచో 297 కిలోమీటర్లు 22 నిమిషములలో ముగియవలెను. అట్లు జరుగదు. విమానము పదివేల అడుగుల యెత్తు దాటువరకు 250 నాట్లకు, అనగా గంటకు 463 కిలోమీటర్లకు, లోబడి పోవలెనని సాధారణ నియమము, దిగునపుడును అంతే. ఇంత చిన్న త్రోవలో విమానము ఎక్కుటయు దిగుటయు తప్ప మధ్య నిలుకడగా సాగు ఘట్టము మిక్కిలి స్వల్పము. ఎక్కిన విమానము పూర్తి యెత్తు నందుకొనక మునుపే దిగుట కారంభింపవలసి వచ్చును. పరిచారికలు మంచినీటి సీసాలు పంచి ముగించులోపలనే నడుము పట్టీలు బిగించుకొనుడను ప్రకటన వినబడును.

ఇంతే కాదు. చాంగీలోని రన్‌వేలు ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా ఉన్నవి. పోవలసిన దిక్కు వాయవ్యము. గాలిని బట్టి దక్షిణముఖముగా లేచినచో ముందు వెనుకకు తిరిగి రావలెను. సెపాంగులోని రన్‌వేలు ఆగ్నేయము నుండి వాయవ్యమునకు పరచియున్నవి. అటనుండి గాలి వీచిన దినమున సూటిగా దిగవచ్చును, ఇటనుండి వీచినచో ఊరు దాటిపోయి మరలి రావలెను. మలక్కా జలసంధి మీదుగా తెల్లవారుజామున విరుచుకొనిపడు గాలివానలను అక్కడివారు ‘సుమత్రాలు’ అందురు. ఏప్రిలు నుండి నవంబరు వరకు ఇవి వచ్చుచు పోవుచుండును. వీనిని తప్పించుకొని పోవుటకు కొన్ని నిమిషములు. ఇన్నిటిని కూడినను గాలిలో నుండు కాలము నలువది, నలువదియైదు నిమిషములకు మించదు. కాలపట్టికలోని గంటయు పది నిమిషములలో మిగిలినది, చక్రములు కదలినది మొదలు లేచువరకు, దిగినది మొదలు నిలుచువరకు, నేలమీద దొర్లుటకు పట్టు కాలము. వైమానికులు లెక్కవేయు ప్రయాణకాలము చక్రము కదలుటతో ఆరంభమై చక్రము నిలుచుటతో ముగియును. బాటసారి లెక్క అట్టిది కాదు. వానికి ఇంటి గడప మొదలు, చేరవలసిన గడప తుది.

ప్రసంగవశమున గడియారముల ముచ్చట యొకటి. ఈ రెండు నగరముల నడుమ కాలభేదము లేదు. రెండును గ్రీన్విచ్ కాలమునకు 8 గంటలు, మన దేశపు కాలమునకు రెండున్నర గంటలు ముందున్నవి. సూర్యుని నడుగగా ఆయన ఇందుకు ఒప్పుకొనడు. సింగపూరు రేఖాంశమును బట్టి అచటి నిజమైన కాలము గ్రీన్విచ్‌కు ఇంచుమించు 6 గంటల 55 నిమిషములు మాత్రమే ముందు. 1905లో దానిని 7 గంటలు చేసిరి. తరువాత ఇరువది నిమిషములు, 1941లో మరి పది నిమిషములు జరిపిరి. 1942లో జపానువారు వచ్చి టోక్యో గడియారమునే అక్కడి గోడలకు తగిలించిరి. వారు పోవుటతోడనే పాతకాలము మరల వచ్చెను. 1982 జనవరి 1న మలేషియా తన తూర్పు పడమటి భాగములకు ఒకే కాలము కావలెనని ద్వీపకల్పపు గడియారమును అరగంట ముందునకు నెట్టగా, వేరుపడిన సింగపూరు సయితము ఆ దినముననే, ఆ క్షణముననే తన గడియారమును నెట్టుకొనెను. రెండు ప్రభుత్వములు కలిసి కాలమునే మార్చగలిగినవన్నమాట. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. దీనితో తరువాత పని యున్నది.

ఇక నేలమీదికి వత్తము. చాంగీ విమానాశ్రయము సింగపూరు ద్వీపమునకు తూర్పు కొసన, వ్యాపారకేంద్రమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. అంతర్జాతీయ ప్రయాణము గనుక రెండు గంటల ముందుగా రావలెనని సలహా. సామాను అప్పగింత, పాస్‌పోర్టు పరీక్ష, శరీర పరీక్ష, ద్వారమువద్ద నిరీక్షణ. అవతల దిగిన పిమ్మట మరల పాస్‌పోర్టు పరీక్ష, సామాను కొరకు నిరీక్షణ, సుంకపు అధికారుల దర్శనము. అచటినుండి కౌలాలంపూరు నగరము కనబడునా యన్న కనబడదు. సెపాంగు విమానాశ్రయమునకు నగరపు ప్రధాన రైలుస్టేషనుకు నడుమ రైలు మార్గము 57 కిలోమీటర్లు. ప్రత్యేకముగా వేసిన వేగపు రైలులోనే ఇంచుమించు అరగంట. ఇవన్నియు కూడగా ఎంత చురుకైనవానికైనను నాలుగు గంటలు తప్పవు. సామాను గలవానికి, పిల్లలు గలవానికి ఐదు గంటలు. ఐదు గంటలలో విమానము గాలిలో నున్నది ముప్పావుగంట. ఆరింట ఒక వంతైనను కాదు. జోహోరు వంతెన మీదుగా సుమారు 350 కిలోమీటర్లు నేలమీద పోవు బస్సుకు పట్టునది ఐదారు గంటలు! సరిహద్దు వద్ద వరుస లేని దినమున బస్సును విమానమును పందెమునకు విడిచినచో గెలుపెవ్వరిదో ముందుగా చెప్పుట కష్టము.

ఈ త్రోవ పూర్వచరిత్ర చూచినవారికి మరియొక వింత కానవచ్చును. 1937 జూన్ మాసమున సింగపూరులో కల్లాంగ్ విమానాశ్రయము తెరువబడినది. ఆ నెలలోనే వియర్న్ సోదరుల సంస్థ సింగపూరు నుండి కౌలాలంపూరు మీదుగా పెనాంగునకు విమానములు నడుప నారంభించినది. అవి రెండంతస్తుల రెక్కలుగల డ్రాగన్ రాపీడ్ విమానములు. ఎనిమిదిమందికి మించి పట్టవు. గంటకు సుమారు 130 మైళ్ల వేగము. కౌలాలంపూరు చేరుటకు గంటన్నరకు పైగా పట్టియుండును. కాని కల్లాంగ్ నగరపు ముంగిటనే యుండెను. కౌలాలంపూరులోని పాత విమానస్థలమైన సుంగై బెసి ఊరిని ఆనుకొనియే యుండెను. పాస్‌పోర్టు పరీక్షల బాధ నేటివలె లేదు. ఇంటి గడప నుండి గడపకు లెక్కవేసినచో ఆనాటి ప్రయాణికునకు రెండున్నర మూడు గంటలకు మించి పట్టియుండదని అనుకొనవచ్చును. విమానపు వేగము అప్పటికి ఇప్పటికి నాలుగింతలైనది. ప్రయాణకాలము తగ్గుటకు మారుగా హెచ్చినది!

యుద్ధముతో ఆ విమానములు నిలిచిపోయినవి. 1942 జనవరి 11న కౌలాలంపూరును పట్టుకొన్న జపాను సేన సింగపూరును లొంగదీసినది ఫిబ్రవరి 15న. అనగా ఈ త్రోవ ఆ సేనకు 35 దినముల ప్రయాణము. సైనికులలో పెక్కుమంది సైకిళ్లమీద వచ్చిరి. యుద్ధానంతరము 1947 మే 1న మలయన్ ఎయిర్‌వేస్ సంస్థ కల్లాంగ్ నుండి కౌలాలంపూరు, ఇపో, పెనాంగులకు క్రమముగా విమానములు నడుప నారంభించెను. విమానము ఎయిర్‌స్పీడ్ కాన్సల్, ప్రయాణికులు ఐదుగురు. నేడు ఆసియా ఖండమున పేరుమోసిన రెండు జాతీయ విమానసంస్థలు ఈ చిన్న బీజము నుండి మొలచినవే.

అటుపిమ్మట విమానములు పెద్దవైనకొలది విమానాశ్రయములు ఊళ్లకు దూరముగ జరుగుచు వచ్చినవి. సింగపూరులో కల్లాంగ్ నుండి 1955లో పాయా లెబారునకు, 1981లో చాంగీకి. కౌలాలంపూరులో సుంగై బెసి నుండి 1965లో సుబాంగునకు, 1998లో సెపాంగునకు. పెద్ద జెట్టులకు పొడవైన రన్‌వేలు కావలెను, ఊరివారి చెవులకు శాంతి కావలెను. కనుక ఇందు కొంత తప్పనిసరి. లండనుకో సిడ్నీకో పోవువానికి ఊరు దాటి యరగంట పోవుట లెక్కలోనిది కాదు. ముప్పావుగంట ప్రయాణమునకు అదే పెద్ద శిక్ష. సుబాంగు నగరమునకు 20 కిలోమీటర్ల లోపలనో అటునిటుగనో యున్నది. 2024లో అచట జెట్టు విమానములు మరల దిగుటకు అనుమతింపబడి, సింగపూరు విమానమును దిగసాగినది. ఇరువదియారు సంవత్సరముల తరువాత కలిగిన ఈ జ్ఞానమును మేము అభినందించుచున్నాము.

దూరము పెరుగుటకు రెండవ కారణము రాజకీయము. 1963 సెప్టెంబరు 16న సింగపూరు మలేషియాలో నొక రాష్ట్రముగ చేరినది. 1965 ఆగస్టు 9న వేరుపడినది. ఆ మూడు వారములకే, ఆగస్టు 30న, సుబాంగు విమానాశ్రయము తెరువబడినది! స్వదేశ ప్రయాణముగా నుండదగినది పరదేశ ప్రయాణమైనది. 1967 నుండి రెండు ప్రభుత్వములును సరిహద్దున పాస్‌పోర్టు పరీక్షలు పెట్టినవి. తండ్రి జోహోరులో, కొడుకు సింగపూరులో ఉన్న కుటుంబములు ఒక్కసారిగా రెండు దేశముల ప్రజలైనవి. విమానసంస్థ మాత్రము మరికొంత కాలము ఉమ్మడి కాపురము చేసినది. పేరు మలేషియా–సింగపూరు ఎయిర్‌లైన్స్. అన్నదమ్ముల ఉమ్మడి వ్యాపారములో నేమగునో దానిలోను అదే యైనది. ఒకరు స్వదేశమందలి చిన్న ఊళ్లకు విమానములు కావలెననిరి. రెండవవారికి స్వదేశములో రెండవ ఊరే లేదు, వారికి ఖండాంతరములు కావలెను. 1972 అక్టోబరు 1 నాటికి ఆస్తి పంపకమై రెండు సంస్థలు వేర్వేరుగ ఎగురసాగినవి. ఆ పంపకములో సింగపూరువారు పాత సంస్థ పొడి అక్షరములను వదలలేక ‘మెర్క్యురీ సింగపూరు ఎయిర్‌లైన్స్’ అను పేరు పెట్టుకొనజూచిరి. మలేషియావారు ససేమిరా యనగా ఆ ప్రయత్నము మానుకొనిరి. దాయాదులకు ఇంటిపేరు మీదనే తగవు!

వేరుపడిన ఈ దాయాదులు ఒక్క విషయములో మాత్రము చక్కగ ఐకమత్యము చూపిరి. ఈ త్రోవను ముప్పదియేండ్లకు పైగా ఇంచుమించు తమ యిద్దరి గుత్తగా ఉంచుకొనిరి. మూడవవానికి చోటు లేదు. ఇంత స్వల్పదూరమునకు ఇంత హెచ్చు టిక్కెట్టు ధర ఏలయని అడిగిన సామాన్యునకు బస్సు చూపిరి. 2008 ఫిబ్రవరి 1న గాని చవుక విమానసంస్థలకు ఈ త్రోవ తెరువబడలేదు. విమానముల సంఖ్యపై పరిమితి ఆ డిసెంబరులో తొలగినది. తరువాత పది సంవత్సరములలో ఈ మార్గము ప్రపంచమున మొదటిదైనదనగా, అంతకుముందు ఎందరి ప్రయాణములు మనసులోనే నిలిచిపోయినవో ఊహింపవచ్చును. ఇది మాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది. ధర తగ్గించుటకు కొత్త యంత్రమేదియు కనిపెట్టబడలేదు. అవే విమానములు, అదే ఆకాశము. రెండు సంతకములు మాత్రమే కొత్తవి.

ఆకాశమైనను అంత స్వేచ్ఛగా లేదు. దక్షిణ జోహోరు మీది గగనతలమున విమానములకు దారి చూపు బాధ్యత 1974 నుండి సింగపూరువారి చేతిలో నున్నది. సొంత నేలమీది ఆకాశమునకు పొరుగువారు దారి చూపుట స్వాభిమానముగల యే జాతికైనను కొంత కష్టముగనే యుండును. మలేషియా ఆ యధికారమును మరల కోరుటలో మాకు ఆశ్చర్యము లేదు. 2018 కడపట ఈ తగవు సెలెటార్ విమానాశ్రయము విషయమున బయటపడినది. అది సింగపూరునకు ఉత్తరపు అంచున జలసంధి నానుకొని యున్న చిన్న విమానాశ్రయము. అచట విమానములు మబ్బులలోనైనను క్షేమముగ దిగుటకు రేడియో సాధనము నొకదానిని ఏర్పరుపగా, దానిని బట్టి దిగు త్రోవ జోహోరులోని పసిర్ గుదాంగ్ రేవు మీదుగా పోవునని, అందువలన అచట ఎత్తైన కట్టడములకు ఆటంకము కలుగునని మలేషియా అభ్యంతరము చెప్పినది. సుబాంగు నుండి చాంగీకి వచ్చుచుండిన పంకాల విమానములు సెలెటారుకు మారవలసి యుండి, ఎటు దిగుటకు వీలులేక కొన్ని మాసములు నిలిచిపోయినవి. 2019 ఏప్రిలులో సింగపూరు ఆ సాధనమును ఉపసంహరించుకొన, మలేషియా తాను ప్రకటించిన గగనతల నిషేధమును విడిచిపెట్ట, అప్పుడు గాని ఆ విమానములు కదలలేదు. ఇరువురిలో న్యాయమెవరిదని మమ్మడిగినచో ఇరువురి మాటలోను కొంత కలదందుము. ఆ నాలుగు మాసములు బస్సెక్కినవారి మాట మాత్రము ఎవరును ఎత్తలేదు.

ఆకాశములో ఇన్ని చిక్కులున్నప్పుడు నేలమీద వేగముగా పోరాదా యను ప్రశ్న వచ్చును. వచ్చినది కూడ. 2013 ఫిబ్రవరిలో ఇరుదేశముల ప్రధానమంత్రులు ఈ నగరములను కలుపు అతివేగపు రైలు నిర్మింతుమని ప్రకటించిరి. 350 కిలోమీటర్లు, అందు సింగపూరు నేలపై 15 మాత్రమే, ప్రయాణకాలము 90 నిమిషములు. ఊరి నడుమ ఎక్కి ఊరి నడుమ దిగవచ్చును గనుక ఆ తొంబది నిమిషములు నిజమైన తొంబది నిమిషములు. కౌలాలంపూరు వైపు కడపటి స్టేషనుకు ఏర్పరచిన స్థలము ఏదో తెలిసినచో పాఠకులు నవ్వుకొందురు: ఒకప్పుడు విమానములు దిగిన ఆ పాత సుంగై బెసి మైదానమే! విమానము ఊరిని విడిచిపోయిన చోటికి రైలు రానుండెను. 2016 డిసెంబరులో ఒడంబడికపై సంతకములైనవి. 2018లో కౌలాలంపూరులో ప్రభుత్వము మారినది. అప్పుల భారము చెప్పి పని వాయిదా వేసిరి. మరల వాయిదా వేసిరి. 2021 జనవరి 1న ఒడంబడికయే ముగిసినట్లు ప్రకటించిరి. మలేషియా సింగపూరునకు 10 కోట్ల 28 లక్షల సింగపూరు డాలర్లు పరిహారము చెల్లించెను. పట్టా ఒక్క గజమైనను పరువక చెల్లించిన ఈ ధనము అచటి పన్నుదారునిది.

ఉన్న రైలు సంగతి ఇంకను విచారకరము. 1909 నాటికే జోహోరు మీదుగా ఇనుపదారి పూర్తియైనది. 1923లో జలసంధిపై 1,056 మీటర్ల రాతికట్ట వేసి రైలును సింగపూరులోనికి తెచ్చిరి. రాత్రి మెయిలులో పండుకొన్నవాడు తెల్లవారుసరికి కౌలాలంపూరులో మేల్కొనుచుండెను. నిద్రించిన గంటలను ప్రయాణకాలముగ ఎవరు లెక్కింతురు? 2011 జూన్ 30 రాత్రి సింగపూరు నడిబొడ్డునగల తంజోంగ్ పగార్ స్టేషనునుండి కడపటి రైలు వెడలినది. జోహోరు సుల్తాను స్వయముగ దానిని నడిపెను. నేడు సింగపూరు నుండి కౌలాలంపూరునకు రైలు మారకుండ పోవు వీలు లేదు. ఉడ్లాండ్స్‌లో ఎక్కి అయిదు నిమిషములలో జోహోరు బారులో దిగి, అచట వేరు రైలు చూచుకొనవలెను. 1923లో ఉన్న సౌకర్యము నేడు లేదని చెప్పుటకు మాకు సంకోచముగ నున్నది గాని, విషయము అదియే.

సరిహద్దునకు గల నిజమైన బలము 2020లో తెలిసినది. మహమ్మారి కారణమున మార్చి 18న మలేషియా తన జనుల రాకపోకలను నిలిపివేసినది. మామూలు దినములలో జోహోరు కట్టమీదుగా దినమునకు మూడు లక్షలకు పైగా జనులు వచ్చుచు పోవుచుండిరి; ప్రపంచమున మిక్కిలి రద్దీగల భూసరిహద్దులలో ఇది యొకటి. వీరిలో అనేకులు జోహోరులో కాపురముండి సింగపూరు కర్మాగారములలో, వంటశాలలలో, ఆసుపత్రులలో పనిచేయువారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి మోటారు సైకిలుమీద కట్ట దాటి, రాత్రికి ఇల్లు చేరుట వారి నిత్యకృత్యము. ఒక్క రాత్రిలో ఇల్లో పనియో తేల్చుకొనవలసి వచ్చినది. పనిని ఎంచుకొని వచ్చినవారిలో కొందరికి తలదాచుకొన చోటు దొరుకక రైలుస్టేషనువద్ద నేలపై పండుకొనిరి. కట్ట పొడవు కిలోమీటరు మాత్రమే; అది దాటి బిడ్డల ముఖము చూచుటకు కొందరికి ఇరువది మాసములు పట్టినది. 2021 నవంబరు 29న టీకాలు వేయించుకొన్నవారికి గాలిమార్గమును నేలమార్గమును పరిమితముగ తెరచిరి. 2022 ఏప్రిలు 1న గాని సరిహద్దు మునుపటివలె తెరువబడలేదు. 297 కిలోమీటర్లు అప్పుడును 297 కిలోమీటర్లే.

ఈ కథ మన తెలుగువారికి పరాయిది కాదు. విశాఖపట్టణము మొదలైన మన కోస్తా జిల్లాల నుండి మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలికై పోయినవారి సంతతి నేటికిని పెరాక్ మొదలగు ప్రాంతములలో తెలుగు మాటలాడుచు జీవించుచున్నారు. వారి తాతలు ఓడ డెక్కు మీద సముద్రము దాటిన కాలమున మలయా యంతయు వారికి ఒకటే దేశము. పిల్లలలో నొకడు తోటలోను, నొకడు సింగపూరు రేవులోను పనికి కుదిరినను అది వియోగము కాదు. 1965 తరువాత ఆ కుటుంబములలో సయితము కొందరికి ఒక రంగు పాస్‌పోర్టు, కొందరికి ఒక రంగు పాస్‌పోర్టు వచ్చినది. నేడు మన ఊళ్లనుండి ఈ రెండు నగరములను ఒకే యాత్రలో చూడబోవువారును విస్తారముగ నున్నారు. వారు తమ కాలపట్టికలో ఆ “ఒక గంట”కు ఎదురుగ సగము దినమని వ్రాసికొని పోవుట మేలు.

చేయదగినది లేకపోలేదు. ఉడ్లాండ్స్‌నకును జోహోరు బారునకును నడుమ 4 కిలోమీటర్ల కొత్త రైలు నిర్మాణమునకు రెండు ప్రభుత్వములును పూనుకొన్నవి. 2026 కడపటికి ప్రారంభింపవలెనని సంకల్పము. గంటకు ఒక్కొక్క దిక్కున పదివేలమందిని అయిదు నిమిషములలో దాటించునట్లు దానిని ఏర్పరచిరి. రైలుకంటె మాకు నచ్చిన సంగతి వేరొకటి: ఇరుదేశముల అధికారులును ఎక్కుచోటనే ప్రక్కప్రక్కన కూర్చుండి పరీక్షింతురు, దిగినవాడు తిన్నగా వీధిలోనికి నడచిపోవచ్చును. తన దేశపు నేలపై పొరుగు దేశపు అధికారికి బల్ల వేయించుట 1965లో ఊహింపరాని మాట. 2024 నుండి సింగపూరువారు కట్టమీద పాస్‌పోర్టుకు బదులు చేతి ఫోనులోని చతురపు గుర్తును చూపిన చాలుననిరి. చాంగీలో తమ నివాసులను ముఖము చూచియే పంపుచున్నారు. సాధనములున్నవి, ఒడంబడికకు నమూనాయు ఉన్నది. ఉడ్లాండ్స్‌లో సాధ్యమైనది చాంగీలో ఏల సాధ్యము కాదు? ఈ ఒక్క మార్గమునకు, దినమునకు పదులకొలది విమానములు లేచు ద్వారముల వద్ద, మలేషియా అధికారులకు నాలుగు బల్లలు, సెపాంగులో సింగపూరు అధికారులకు నాలుగు బల్లలు వేయించుటకు ఏ రన్‌వేయు పొడిగింపనక్కరలేదు, ఏ కొండయు తవ్వనక్కరలేదు. 1982లో కలిసి గడియారపు ముల్లును అరగంట జరిపిన ప్రభుత్వములే ఇవి. వచ్చెడి ఉభయ ప్రధానుల సమావేశమున ఈ నాలుగు బల్లల మాట యెవరైన ఎత్తుదురా?